పదో ముక్క

జనరల్ వార్డు వరండా,
మార్చి 4, పొద్దున్న

ఒరేయ్ చిన్నోడా,

నువ్వెలా ఉన్నావని అడగను, మేం బాగున్నామని రాయను. మీ బావ కుడి చెయ్యి పోయింది. మణికట్టు దాకా. నిన్న పదకొండింటికి మూడో నంబరు ప్రెస్సు కింద పడి పోయింది. నేను అదే షెడ్డులో అవతలి చివర ముక్కల తనిఖీలో ఉన్నాను. ముందు కేక వినపడలేదు, ప్రెస్సు చప్పుడు మారింది. రోజంతా రేకు వంగే చప్పుడు వినే చెవులు కదా, ఇప్పుడు దాని కింద ఉన్నది రేకు కాదని తెలిసిపోయింది. కేక ఆ తర్వాత వచ్చింది.

నేను పరిగెత్తేసరికి పై దిమ్మ లేచి ఉంది. మీ బావ వెనక్కి పడి ఉన్నాడు. చెయ్యి మాత్రం రేకుతో పాటు అచ్చులోనే ఉండిపోయింది, వేళ్లతో సహా మూకుడులా వంగిపోయి. రేకునీ దాన్నీ విడదీయడానికి స్క్రూడ్రైవరు కావాల్సొచ్చింది. నేనే విడదీశాను. డాక్టరు అతికిస్తాడేమోనని గుడ్డలో చుట్టి తెచ్చాను. ఆయన విప్పి చూసి, మళ్లీ మూసి, నా మొహం చూడకుండా "ఉంచుకుంటారా అమ్మా?" అన్నాడు. ఏం ఉంచుకోనురా?

ఇప్పుడు అసలు సంగతి విను. చెయ్యి లోపలుంటే ప్రెస్సు కదలకూడదు. ముందు లైటు తెర ఉంది, ఏది అడ్డొచ్చినా దిమ్మ ఆగిపోవాలి. ఆ తెరని కనిపెట్టుకుని ఉండే కంట్రోలర్ పెట్టె మూడు నెలల కిందటే కొత్తది బిగించారు. దాన్ని పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చింది నువ్వే. కంచం ముందు కూర్చుని గంటసేపు గొప్పలు చెప్పావు, అన్నం చల్లారిపోయిందని నేను తిట్టాను కూడా.

ప్రమాదానికి ముందురోజు మా ఎలక్ట్రీషియన్ ఆ తెర కేబుల్ మార్చాడు. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ పెట్టుకుని తిరుగుతాడు, పేరు కూడా టెస్టర్ అనే స్థిరపడిపోయింది. వాడే ఏదో చేశాడని షెడ్డంతా అంటోంది. మీ బావ జోడీగాడు, అంటే పెడల్ తొక్కినవాడు, నిన్నటి నుంచి తన కుడికాలిని గోడకేసి బాదుకుంటున్నాడు. "వదినా, ఈ కాలు నరికెయ్" అంటాడు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నేను ఏడుస్తాను, నువ్వు కంగారుపడి నన్ను ఊరుకోబెట్టే మాటేదో అంటావు. కాగితం మీద రాసి పంపు, నలుగురికీ చూపించాలి. చెయ్యి లోపలుండగా ఆ ప్రెస్సు దిగుతుందా, దిగదా?

నీ అక్క


ఆఫీసు, రెండో అంతస్తు,
మార్చి 7

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి కళ్లు కనిపించలేదు. బావ పక్కన ఉండాల్సినవాణ్ణి, ఇక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నాను.

అడిగిందానికి సూటిగా చెబుతాను. దిగదు.

మేం యంత్రాన్ని ఊరికే నాలుగుసార్లు నడిపి చూసి సర్టిఫికెట్ ఇవ్వం. కంట్రోలర్ ఏయే స్థితుల్లో ఉండగలదో అన్నీ పటంలా గీస్తాం: దిమ్మ పైన ఉంది, దిగుతోంది, తెరకి ఏదో అడ్డొచ్చింది, బ్రేకు పడింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంతసేపట్లో దాటాలో గడియారాలు పెడతాం. ముందుగా చెప్పలేనివి కొన్ని ఉంటాయి, మనిషి చెయ్యి ఎప్పుడొస్తుందన్నది అలాంటిదే. అక్కడ పాచిక పెడతాం, అంటే పాచిక పడ్డట్టు ఎప్పుడైనా జరగొచ్చని లెక్క వేస్తాం. అలా నలభై లక్షల స్థితులు వచ్చాయి. ఒక్కటి కూడా వదలకుండా కంప్యూటర్ తిరిగి చూసింది. తెరకి అడ్డొచ్చిన నూట ఎనభై మిల్లీసెకన్లలో దిమ్మ ఆగి తీరాలి. ఆగకపోయే అవకాశం పన్నెండు కోట్ల ముక్కలకి ఒక్కటి. ఆ ప్రెస్సు రోజుకి నాలుగు వేల ముక్కలు తీస్తుందనుకుంటే ఎనభై ఏళ్లకి ఒకసారి.

మూడు నెలల్లో అది జరిగిందంటే యంత్రం తప్పు కాదు. మధ్యలో మనిషి చెయ్యి పడింది. తీగ ఒకటి అడ్డంగా కలిపితే చాలు, ఎదురుగా ఏమున్నా తెర ఖాళీగానే ఉందని కంట్రోలర్ నమ్ముతుంది. కేబుల్ మార్చేవాడికి అది రెండు నిమిషాల పని. ఇంతకంటే నేను చెప్పకూడదు.

బావని జాగ్రత్తగా చూసుకో. నువ్వు కూడా ఏదైనా తిను.

నీ తమ్ముడు


క్వార్టర్ నంబరు 14,
మార్చి 12

చిన్నోడా,

నీ ఉత్తరం నిన్న పొద్దున్న వచ్చింది. మధ్యాహ్నం క్యాంటీన్లో బల్ల ఎక్కి గట్టిగా చదివాను. పాచికలూ గడియారాలూ ఎవరికీ ఎక్కలేదు గానీ "మనిషి చెయ్యి పడింది" అన్న ముక్క అందరికీ ఎక్కింది. టెస్టర్ చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. వాడూ విన్నాడు. పారిపోలేదు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండిపోయింది.

మొదట జోడీగాడు వెళ్లాడు. జుట్టు పట్టుకుని కొళాయికేసి కొట్టాడు. పళ్లు రాలి తొట్టిలో పడ్డ చప్పుడు నాకు వినపడింది. తర్వాత ఎవరు ఏ చెయ్యి వేశారో చెప్పలేను. మొత్తం పదకొండు మందిమి. తుక్కు నెట్టే ఇనపకమ్మీలు, బూట్లు, ఒకడు భోజనం క్యారేజీ. చెవి సగం ఊడి వేలాడుతోంది. వాడి రెండు చేతులూ వెనక్కి విరిచి "ఏ చేత్తో కలిపావురా తీగ?" అని అడిగారు. కుడి మోచెయ్యి టప్‌మని విరిగింది. వాడు అరుస్తూనే ఒకటే మాట అంటున్నాడు, "బ్రష్షులు చూడండి, నా అలమరాలో బ్రష్షులు చూడండి" అని. తప్పించుకోవడానికి నోటికొచ్చింది వాగుతున్నాడనుకున్నాం.

నేనూ ఒకటి వేశాను. స్పానరుతో, భుజం మీద. నీ దగ్గర దాచను.

వాడిప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఒంట్లో తెలివి లేదు. పోలీసులు వచ్చారు, మెట్ల మీంచి పడ్డాడని పదకొండు మందీ ఒకటే మాట చెప్పాం. అందరూ కొట్టారంటే ఎవరూ కొట్టనట్టే కదా. నిన్న పొద్దుపోయేలోగా మీ బావకి చెప్పాను, నీ చేతికి బదులు తీర్చేశామని. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మందు మత్తేమో.

సూపర్వైజరు వాడి అలమరా పగలగొట్టించాడు, తీగ దొరుకుతుందని. తీగ లేదు. నిజంగానే రెండు బ్రష్షులున్నాయి, అచ్చుకి నూనె రాసేవి. రెండూ నలిగి అప్పడాల్లా అయిపోయాయి. వాటికి దారంతో చీటీలు కట్టి ఉన్నాయి. ఒకదాని మీద "జనవరి 19, పదో ముక్క". రెండోదాని మీద "ఫిబ్రవరి 8, పదో ముక్క. తెర బాగానే ఉంది. మరి ఎందుకు?" అని. దీని అర్థమేంటో నీకేమైనా తెలుసా? చదువుకున్నవాడివి కదా.

మూడో నంబరుని మళ్లీ నడుపుతారట. మీ బావ స్థానంలో నన్ను వెయ్యమని నేనే అడిగాను. ఆయన చెయ్యి తిన్నదాని మెడలు నేనే వంచాలి.

నీ అక్క


ఆఫీసు,
మార్చి 16

అక్కా,

కొట్టడమేంటి? ఆ ఉత్తరాన్ని నలుగురికీ చూపిస్తానన్నావు గానీ బల్ల ఎక్కి చదువుతానన్నావా? సరే, అయిపోయింది.

కొన్ని ప్రశ్నలు అడుగుతాను. వెంటనే జవాబు రాయి, మరో మాట కలపకుండా. అచ్చుకి నూనె ఎన్ని ముక్కలకి ఒకసారి రాస్తారు? ఆ లెక్క ఎవరు పెడతారు? ఎక్కణ్ణుంచి మొదలెడతారు? ముక్క ఇరుక్కుని ప్రెస్సు ఆపి మళ్లీ వేస్తే ఆ లెక్క ఏమవుతుంది?

ఆ బ్రష్షులు ఎవరికీ ఇవ్వకు.

తమ్ముడు


క్వార్టర్ నంబరు 14,
మార్చి 20

ఏమిట్రా ఈ పోలీసు ప్రశ్నలు?

నూనె పదికి ఒకసారి. ఎవరి లెక్కేంటి, అందరిదీ. ప్రెస్సు షాపులో చేరినవాడికి మొదట నేర్పేది అదే. పొద్దున్న స్విచ్ వెయ్యగానే పెడల్ దగ్గరున్నవాడు "ఒకటి" అని కేకేస్తాడు, అచ్చు దగ్గరున్నవాడు "రెండు" అంటాడు. అలా తొమ్మిది దాకా వెళతారు. తొమ్మిది కాగానే అచ్చు దగ్గరివాడు ఎడంచేత్తో కొత్త రేకు పెడుతూ కుడిచేత్తో అచ్చంచు చుట్టూ నూనె రాస్తాడు. "పది" అనగానే చెయ్యి బయటికి, కాలు పెడల్ మీదికి. నలభై ప్రెస్సులు ఒక్కసారి అంటుంటే షెడ్డు పాడుతున్నట్టు ఉంటుంది. ముక్క ఇరుక్కుంటే స్విచ్ కట్టేసి లాగేస్తాం. మళ్లీ స్విచ్ వేస్తే మళ్లీ "ఒకటి". మధ్యలోంచి మొదలెడితే ఎవడికి గుర్తుంటుంది?

బ్రష్షులు రెండు నలిగాక ఇంక బ్రష్షులు దండగని నూనెగుడ్డ ఇచ్చారు. మీ బావ చేతిలో ఆరోజు ఉన్నది గుడ్డే.

టెస్టర్‌కి ఇంకా తెలివి రాలేదు. నాకేం జాలి లేదు. ఉండకూడదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఎందుకడిగావు?

అక్క


ఇంటి నుంచి,
ఏప్రిల్ 2

అక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పని ఎక్కువగా ఉంది. రెండు రోజులు జ్వరం కూడా వచ్చింది. బావకి ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం వస్తోందా? మొన్న మన చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది, సైకిలు చక్రంలో నా కాలు ఇరుక్కుంటే నువ్వు చక్రాన్నే విరగ్గొట్టావు. అప్పటికి నీకు పన్నెండేళ్లు ఉంటాయేమో.

ఒక చిన్న మాట. నువ్వు ప్రెస్సు మీదికి వెళ్లాక నూనెని ఏడో ముక్కకి రాయి. పదికి వద్దు. పదో ముక్కప్పుడు చెయ్యి దరిదాపుల్లో ఉండనివ్వకు. ఎందుకని అడక్కు, ఎవరితోనూ అనకు. అచ్చులు ఎక్కువకాలం మన్నుతాయి, అంతే.

నా మీద ఒట్టు, ఏడుకే రాయి.

నీ తమ్ముడు


క్వార్టర్ నంబరు 14,
మే 16

ఓరి పాపిష్టోడా,

అచ్చులు మన్నుతాయా?

ఏప్రిల్ ఇరవై నుంచి నేను ఏడుకి నూనె రాస్తున్నాను. జోడీగాడు "ఏంటి వదినా, లెక్క మరిచావా?" అని వెక్కిరించాడు. మా తమ్ముడు ఒట్టు వేయించుకున్నాడన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. సాయంత్రం అదే ప్రెస్సు మీదికి రెండో షిఫ్టు అమ్మాయి వస్తుంది. చేరి రెండు నెలలు. ఆ పిల్లకి మాత్రం అందరికీ నేర్పినట్టే పదికి రాయమని నేర్పారు.

మే పన్నెండున దాని నాలుగు వేళ్లు పోయాయి. నేను అప్పటికింకా గేటు దాటలేదు. మళ్లీ అదే చప్పుడు. వెనక్కి పరిగెత్తి ఆ వేళ్లు నేనే ఏరాను. మూడు దొరికాయి, నాలుగోది రేకులో కలిసిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు. నా వంక చూసి "పది అన్నాకే కదా అక్కా తీశాను, కొంచెం ఆలస్యమైందంతే" అంది. నేనే తప్పు చేశానన్నట్టు.

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. మర్నాడు భోజనాల వేళ జోడీగాణ్ణి పెడల్ దగ్గర నిలబెట్టి, చీపురుకర్రని ముక్కలు ముక్కలుగా నరికి తెచ్చాను. స్విచ్ వేశాం. మూడో లెక్కకి కర్ర అచ్చులో పెట్టి తొక్కమన్నాను. ప్రెస్సు కదల్లేదు. తెర పని చేస్తోంది. కర్ర తీసేసి లెక్క సాగించాం. ఏడుకి పెట్టాను, కదల్లేదు. పదికి పెట్టాను. దిమ్మ దిగింది. కర్ర పిప్పి పిప్పి అయింది. స్విచ్ ఆపి మళ్లీ వేసి మళ్లీ చూశాం. ఆరుసార్లు చూశాం. ఆరుసార్లూ పదో ముక్కకే. ఆరోసారికి జోడీగాడు పెడల్ మీంచి కాలు తీసి అక్కడే వాంతి చేసుకున్నాడు.

నీ నలభై లక్షల స్థితులకి దొరకనిది నా చీపురుకర్రకి దొరికింది. ఆ టెస్టర్ అలమరాలో జనవరి నుంచే ఉంది.

మీ బావ ఇప్పుడు చెబుతున్నాడు, "టెస్టర్ నాకు ముందే చెప్పాడే, పదికి జాగ్రత్త అని. నేను నవ్వి ఊరుకున్నాను" అని. ఇన్నాళ్లూ గోడ వైపు ఎందుకు తిరిగాడో ఇప్పుడు తెలిసింది.

టెస్టర్ మొన్న పోయాడు. ఆసుపత్రిలో అరవై నాలుగు రోజులు కళ్లు తెరవకుండా ఉండి పోయాడు. పోలీసులు ఈసారి మెట్లమాట నమ్మడం లేదు.

నీకు మార్చిలోనే తెలుసు. నీ అక్క చెయ్యి ఒక్కటీ మిగిలితే చాలనుకున్నావు. ఆ పిల్ల వేళ్లు నీకు లెక్కలోకి రాలేదా? జూన్ రెండున విచారణ కమిటీ ఉంది, నిన్ను కూడా పిలుస్తారట. అక్కడ ఏం చెబుతావో ముందు నాకు రాయి. ఈసారి జ్వరం వచ్చిందని రాశావో, వచ్చి చెంప పగలగొడతాను.

అక్క


ఆఫీసు కాదు, పార్కులో బల్ల,
మే 21

అక్కా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. లేదా ఉంచుకో. నీ ఇష్టం.

కంట్రోలర్ తనని తాను పరీక్షించుకుంటుంది, తెర సరిగ్గా పని చేస్తోందా లేదా అని. పది ముక్కలకి ఒకసారి, పెడల్ తొక్కిన క్షణాన. ఆ పరీక్ష నడిచే రెండు వందల మిల్లీసెకన్లూ అది తెరని పట్టించుకోదు. ఆ తర్వాత చెయ్యిని చూసినా ఆగడానికి ఇంకో నూట ఎనభై కావాలి. మొత్తం మూడు వందల ఎనభై. దిమ్మ మూడు వందల యాభైకే కిందికి వచ్చేస్తుంది. ముప్పై మిల్లీసెకన్లు. కన్నార్పినంత కూడా కాదు.

పరీక్ష జరుగుతున్నప్పుడే చెయ్యి లోపలుండటం నాకు తెలియని విషయం కాదు. దాన్ని లెక్కలో వేశాను. కానీ చెయ్యి ఎప్పుడొస్తుందన్న చోట పాచిక పెట్టాను. ఏ ముక్కకైనా సమానంగా ఆలస్యం కావచ్చని రాసుకున్నాను. మీరు పది లెక్కపెడతారని నాకు తెలీదు. కంట్రోలర్ పది లెక్కపెడుతుంది, మీరూ పది లెక్కపెడతారు, ఇద్దరూ స్విచ్ వేసినప్పటి నుంచే మొదలెడతారు. చెయ్యి ఆలస్యమయ్యేదే నూనె రాసేటప్పుడు. అది ప్రతిసారీ సరిగ్గా కంట్రోలర్ కళ్లు మూసుకున్నప్పుడే. నూనె లెక్క రాసిన నీ ఉత్తరం వచ్చిన రోజే ఆ ఒక్క పాచిక తీసేసి మళ్లీ లెక్క వేశాను. ఎనభై ఏళ్లకి ఒకసారి అన్నది నలభై రోజులకి ఒకసారి అయింది. ఒక్కసారి మీ షెడ్డుకి వచ్చి నిలబడి ఉంటే సరిపోయేది. బావ రమ్మని ఎన్నిసార్లు పిలిచాడో. షెడ్డు నూనె కంపు కొడుతుందని నేను రాలేదు.

ఇంకోటి ఉంది. ఇది రాయడానికే పార్కుకి వచ్చాను. టెస్టర్ ఫిబ్రవరిలో మాకు రాశాడు. పదో ముక్కకి రెండుసార్లు బ్రష్షు నలిగిందని, ఒకసారి చూడమని. ఆ ఉత్తరం నా బల్ల మీదికే వచ్చింది. మా లెక్క ప్రకారం అలా జరగదు, అనుమానం ఉంటే తెర కేబుల్ మార్చి చూడండి అని నేనే జవాబిచ్చాను. కేబుల్ ఆయన నా మాట మీద మార్చాడు. నీ మొదటి ఉత్తరంలో కేబుల్ సంగతి చదవగానే నాకు గుర్తొచ్చింది. గుర్తు రానట్టు "మనిషి చెయ్యి" అని రాశాను. నువ్వు బల్ల ఎక్కి చదివింది అదే.

కమిటీ ముందు చెప్పేద్దామనే అనుకున్నాను, నమ్ము. ముందు ఒక లాయర్ని అడిగాను. ఆయన చెప్పింది విను. టెస్టర్ తీగ కలిపాడనీ, మొగుడి చెయ్యి పోయిన ఆడది కడుపుమంటతో ఒక దెబ్బ వేసిందనీ అంటే కోర్టు జాలిపడుతుంది. టెస్టర్ ఏ తప్పూ చెయ్యలేదని నా నోటితో నేను చెబితే, మీరు పదకొండు మందీ ఒక నిర్దోషిని కొట్టి చంపినవాళ్లవుతారు. నేను నిజం చెబితే జైలుకి వెళ్లేది నువ్వు.

కంట్రోలర్లో లోపాన్ని మావాళ్లు చప్పుడు చెయ్యకుండా సరిచేస్తున్నారు. వచ్చే వారం కొత్త ప్రోగ్రాం పంపిస్తారు. ఇంకెవరి చెయ్యీ పోదు. అప్పటిదాకా మూడో నంబరు ఆపించాను. టెస్టర్ ఎలాగూ తిరిగి రాడు. నోరు విప్పకుండా ఉండటానికి నాకు నా ఉద్యోగం ఒక్కటే కారణం కాదని నువ్వు నమ్మితే చాలు.

పదకొండు మంది కొట్టారు అక్కా. ఎవరి దెబ్బకి ఆయన ప్రాణం పోయిందో ఎవరూ చెప్పలేరు. నీ దెబ్బే అయ్యే అవకాశం పదకొండులో ఒకటి. నువ్వు కొట్టింది భుజం మీద కాబట్టి అంత కూడా లేదు.

తమ్ముడు


పోలీస్ స్టేషన్, బయట బెంచీ,
మే 27, మధ్యాహ్నం

చిన్నోడా,

మళ్లీ లెక్క వేశావు. బావ చెయ్యి పోయినా, ఆ పిల్ల వేళ్లు పోయినా, ఒక మనిషి ప్రాణం పోయినా నీ పాచికలు మాత్రం పోలేదు.

నిన్న టెస్టర్ భార్య మా క్వార్టరుకి వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. నన్ను చీరేస్తుందనుకున్నాను, చీరెయ్యనీ అని తలుపు బార్లా తీశాను. ఆవిడ నన్ను దాటుకుని మంచం దగ్గరికి వెళ్లి మీ బావ కాళ్లు పట్టుకుంది. "మా ఆయన అలా చేస్తాడని నేను కల్లో కూడా అనుకోలేదు బాబూ. కానీ కంపెనీ కాగితంలో యంత్రం తప్పు చెయ్యదని ఉందట కదా. ఆయన తరఫున నన్ను క్షమించండి" అంది. మీ బావ ఆ మోడు చేత్తో ఆవిణ్ణి లేపబోయాడు, లేపలేకపోయాడు. నేను ఇద్దరి మధ్యా బొమ్మలా నిలబడ్డాను. క్యాంటీన్లో బల్ల ఎక్కి అరిచిన నోరే కదరా ఇది, నిన్న నాలుగు మాటలు అనలేకపోయింది.

ఇప్పుడు నేను నీ దగ్గర దాచింది చెబుతాను. నేను భుజం మీద కొట్టలేదు.

అందరూ ఆగిపోయారు. వాళ్లకి ఆయాసం వచ్చింది, రక్తం చూసి భయం కూడా వేసింది. జోడీగాడే "చాలు, చాలు, చచ్చిపోతాడు" అని అందర్నీ వెనక్కి నెట్టాడు. టెస్టర్ తొట్టికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. నోట్లో పళ్లు లేకపోయినా మాట తెలుస్తూనే ఉంది. ఆ గుంపులో నేనొక్కదాన్నే ఆడదాన్ని కాబట్టి కాబోలు, నా వంక చూసి "తల్లీ, ఒక్కసారి ఆ బ్రష్షులు చూడమ్మా" అన్నాడు. నన్ను తల్లీ అన్నందుకు ఒళ్లు మండింది. నాలుగడుగులు వేసి దగ్గరికెళ్లాను. రెండు చేతులతో స్పానరు ఎత్తాను. ఎక్కడ కొట్టాలో చూసుకున్నాను. నడినెత్తి మీద కొట్టాను. గుడ్డు పగిలినట్టు తెలిసింది చేతికి. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు, అరవై నాలుగు రోజులూ.

పదకొండులో ఒకటి కాదురా. ఒకటికి ఒకటి. పదిమందికీ ఆ సంగతి తెలుసు, నా మొహం చూసి నోరు మూసుకున్నారు.

పొద్దున్న ఇదంతా ఇన్‌స్పెక్టరు ముందు రాసి సంతకం పెట్టాను. నీ ఉత్తరాలన్నీ ఇచ్చేశాను, చింపమన్నది కూడా. లోపలికి పంపేముందు ఒక కాగితం అడిగి ఇది రాస్తున్నాను. మీ బావ గేటు దాకా వచ్చాడు. "నేనూ చెప్పాల్సింది, పదికి జాగ్రత్త అన్నాడని చెబితే అతనైనా బతికేవాడు" అని ఏడ్చాడు. ఆయన్ని ఏమీ అనకు. ఆయనకి అన్నం నువ్వు వండి పెట్టు, కూరలో ఉప్పు తక్కువ వెయ్యి.

నన్ను కాపాడాలన్న సాకు ఇంక నీకు లేదు. కమిటీకి నువ్వు చెప్పినా చెప్పకపోయినా కాగితాలే చెబుతాయి. నేను అడిగేది వేరు. జూన్ రెండు కంటే ముందు టెస్టర్ ఇంటికి వెళ్లు. వాళ్ల వీధిలోనే నిలబడి, చుట్టుపక్కలవాళ్లకి కూడా వినపడేలా ఆవిడతో చెప్పు. మిల్లీసెకన్లూ పాచికలూ వద్దు. "మీ ఆయన చెప్పిందే నిజం, అబద్ధం రాసింది నేను, చంపింది మా అక్క" అని చెప్పు. ఆవిడ కొడితే చేతులు అడ్డం పెట్టకు.

నీ అక్క